ఒక క్రియాపదం కోసం మైలవరం దాకా

నేను రాసిన నాటకంలో ఒక క్రియ తప్పిందని మాస్టారు ఫోన్ చేశారు. ఆయన మైలవరంలో రిటైరైన తెలుగు టీచరు. కొట్లు, ఉద్యోగాలు చూసుకునేవాళ్లను కూడగట్టి ఏటా ఒక నాటకం ఆడిస్తారు. ఈసారి నాది తీసుకున్నారు. ఆ మాట దిద్దేస్తానన్నారు. వద్దండీ, అలాగే ఉంచండి అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియలేదు. అయితే వచ్చి చెప్పమ్మా అన్నారు. అందుకే మొన్న శనివారం బయల్దేరాను.

మేముండేది భవానీపురంలో. గొల్లపూడి సెంటరు దాకా ఆటోకు ఇరవై రూపాయలు. తొమ్మిదింబావుకు పల్లెవెలుగు బస్సు దొరికింది. ఆడవాళ్లకు ఛార్జీ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. ఇబ్రహీంపట్నం, కొండపల్లి దాటాక మామిడి తోటలు మొదలవుతాయి. గంట పైనే పట్టింది. దారిలో నాటకం మళ్లీ చదువుకున్నాను. పేరులేని ఒక రాజ్యంలో కాలవ తవ్వుతుండగా గట్టు విరిగిపడి కూలీలు చనిపోతారు. ఎవరూ చావలేదంటుంది ప్రభుత్వం. బియ్యం కావాలంటే ఇంటివాళ్లు నెలనెలా సర్కారు కచేరీకి వచ్చి, అధికారి ముందు "మావాడు క్షేమంగా ఉన్నాడు" అని చెప్పాలి. నీలవేణి తన అన్న గురించి రెండు నెలలు అలాగే చెబుతుంది. మూడో నెల ఎదురు తిరుగుతుంది. మాస్టారికి తప్పు కనిపించింది అక్కడే.

మైలవరంలో దిగి రిహార్సల్ హాలుకు ఇంకో ఆటో ఎక్కాను. నీలవేణి వేషం వేస్తున్న రజియా గారు ఊళ్లో టైలరు. ఆవిడ పేరు చెప్పగానే డ్రైవరు, మా ఆవిడ జాకెట్టు గుడ్డ ఇచ్చి నెల దాటిందండీ, నాటకమయ్యేలోపు కుడతారేమో కనుక్కోండి అన్నాడు. కనుక్కున్నాను. "అధికారి వేషం అతనికివ్వాల్సింది మాస్టారూ" అన్నారు రజియా గారు, మెడలో టేపు తీయకుండానే.

మాస్టారు కాగితం నా ముందు పెట్టారు. అధికారితో నీలవేణి అనే మాట అది: "మా అన్న వాన పడితే నిద్రపోడు. గట్టు చూసి వస్తాడు."

"పోయినవాడు ఎలా వస్తాడమ్మా? వచ్చేవాడు అనాలి. కాన్వెంటు చదువు! ఇంగ్లీషులో అయితే ఈ తప్పు చేసేదానివా?"

చేసేదాన్ని కాదు. సిస్టర్లు నేర్పిన టెన్సుల్లో నాకెప్పుడూ మార్కులు పోలేదు.

రజియా గారు నా పక్షం వహించారు. "పోనీలెండి మాస్టారూ. వచ్చే ఆదివారం వీళ్ల నాన్నగారిని ముందు వరసలో కూర్చోబెట్టి ఆయన్నే అడుగుదాం. నాటకాలంటే ప్రాణమన్నారుగా."

నిజమే, నేనే అన్నాను. రెండు నెలల కింద మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు, మా నాన్నకు నాటకాలంటే ప్రాణం, పద్యం మధ్యలో ఆపితే ఊరుకోరు అని చెప్పాను. అప్పటికి నాన్న పోయి తొమ్మిది నెలలు. నన్నెవరూ ఏ కచేరీకీ పిలవలేదు. నా బియ్యం ఎవరూ ఆపలేదు.

"మా నాన్న..." అన్నాను. కాగితంలో 'వస్తాడు' అన్నచోట వేలు పెట్టాను. "నాటకాలు చూసేవారండీ."

మాస్టారు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. రజియా గారు నా చేతికి పెన్నిచ్చారు. పాత మాట కొట్టేసి పైన రాశాను: నిద్రపోయేవాడు కాదు, గట్టు చూసి వచ్చేవాడు. ఆవిడ లేచి ఆ మాట అన్నారు. అధికారి వేషంలో ఉన్న కిరాణా కొట్టాయన ఒక అడుగు వెనక్కి వేసి, తను చెప్పాల్సింది మరిచిపోయారు.

బస్టాండు పక్క మెస్సులో భోజనం తొంభై రూపాయలు. ముద్దపప్పు, గోంగూర బాగున్నాయి. నేనే సరిగ్గా తినలేకపోయాను. తిరుగు బస్సులో కూర్చున్నాక అర్థమైంది. నీలవేణి కోపంతో తిరగబడుతుందనుకుని రాశాను. కానీ అన్న ఉన్నాడు అన్నంతకాలం ఆమె నోట్లో ఉన్నది ప్రభుత్వం మాటే. ఆ అబద్ధం ఆమెను ఎంత బాధపెట్టినా, అందులో అన్న ఇంకా బతికే ఉన్నాడు. దాన్ని వదులుకోవడమే ఆమె చేసిన మొదటి తిరుగుబాటు. నేను నాకోసం ఆమెను ఆపబోయాను.

నాటకం వచ్చే ఆదివారం సాయంత్రం ఆరున్నరకు. టికెట్ లేదు. వచ్చేవాళ్లు కాస్త ముందుగా వచ్చి ముందు వరసల్లో కూర్చోండి. నీలవేణి ఆ మాట గట్టిగా అనదు. ఫ్యాన్ల మోతలో వెనకవాళ్లకు వినపడదు.