రుచి చూడడం తినడం కాదు

ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఇరవై ఎనిమిదేళ్లుగా పెద్ద గరిటె పట్టిన వంట మేస్త్రికి లోకంలో ఇద్దరంటే పడదు. ఆస్పత్రివాళ్లు, తన కిందే పనిచేసే రెండో వంటవాడు. మూడు నెలలుగా దొడ్డికి వెళ్లినప్పుడల్లా రక్తం పడుతోందని పసిగట్టాక భార్య కూడా ఆ జాబితాలో చేరింది.

"మీ అన్నయ్యా ఇలాగే దాచాడు. తెలిసేసరికి చేయి దాటిపోయింది. మీకూ అదే కావాలా?" అని ఆవిడ జోరీగలా చెవిలో పోరితే, పోరు పడలేక పెద్దపేగు పరీక్షకు ఒప్పుకున్నాడు. ఆస్పత్రిలో నర్సు ఒక కాగితం, నాలుగు పొట్లాల పొడి ఇచ్చింది. "ముందురోజు ఏమీ తినకూడదు. మంచినీళ్లు, సాయంత్రం నుంచి ఈ పొడి కలిపిన నీళ్లు, అంతే. పేగు శుభ్రంగా ఉంటేనే కెమెరాకి కనిపిస్తుంది" అంది. ఆ పిల్ల తనకు పాఠం చెప్పడమేమిటని మేస్త్రికి ఒళ్లు మండింది.

ముందురోజు సెలవు పెట్టలేదు. పెడితే గరిటె రెండోవాడి చేతికి పోతుంది. వాడికి ఉప్పు పాళ్లు తెలియవని మేస్త్రి గట్టి నమ్మకం. అయిదు గుండిగల ముందు ఖాళీ కడుపుతో నిలబడ్డాడు. ఆకలికి పేగులు అరుస్తున్నా ఒక్క మెతుకు ముట్టలేదు, ఆ మాట నిజం. కాకపోతే ప్రతి గుండిగ దగ్గరా ఆగి, ఎడమ అరచేతిలో ఇంత కూర వేసుకుని నాకాడు. టమాటా కూర రెండుసార్లు, వంకాయ కూర మూడుసార్లు. రుచి చూడడాన్ని తినడమని ఏ వంటవాడూ లెక్కెయ్యడు. నర్సు కాగితంలోనూ ఆ ముక్క రాసి లేదు.

సాయంత్రం మొదటి గ్లాసు తాగి, ఆ పొడి కనిపెట్టినవాడి ఏడు తరాలనీ తిట్టాడు. రెండో గ్లాసుకి భార్యని తిట్టాడు. ఆ తర్వాత తిట్టే తీరిక లేకపోయింది.

మర్నాడు మత్తు వదిలి కళ్లు తెరిచేసరికి డాక్టరమ్మ ముఖం చిటపటలాడుతోంది.

"నిన్న ఏం తిన్నారు?"

"ఒట్టు, పచ్చి గంగ తప్ప ఏమీ ముట్టలేదు."

"మరి లోపల వంకాయ గింజలు, టమాటా తొక్కలు ఎవరు పెట్టారు? పేగు కింది భాగంలో ఒక చిన్న కండ పెరిగి కనిపించింది, ముక్క తీసి పరీక్షకు పంపాను. పైన ఏముందో నాకు తెలీదు. వారం ఆగి మళ్లీ రండి."

పైన ఏముందో తెలీదన్న మాట దగ్గరే మేస్త్రి గుండె జారింది. భార్యకి మాత్రం కోపం నషాళానికి అంటింది. "అరచేతిలో వేసుకుని నాకారు కదూ?"

"అది తినడమెలా అవుతుందే!"

"మీ అన్నయ్య ఫొటో పక్కన మీ ఫొటో కూడా తగిలించమంటారా?" అని అరిచింది. వరండాలో అందరూ తిరిగి చూశారు.

రెండోసారి ముందురోజు సెలవు పెట్టించి, ఆవిడ అతని చెప్పులు బీరువాలో పెట్టి తాళం వేసింది. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక మేస్త్రి ఆగలేక క్యాంటీన్‌కి ఫోన్ చేశాడు.

"ఉప్పు సంగతేంట్రా?"

"సరిపోయింది మేస్త్రీ. గుండిగలన్నీ ఖాళీ."

"ఎవరూ ఏమీ అనలేదా? నేనేడని అడగలేదా?"

"మీరు రాలేదని ఎవరూ గమనించినట్టు లేదు" అన్నాడు వాడు. అందులో వెటకారం లేదు, అందుకే ఇంకా మండింది.

మేస్త్రి ఫోన్ మంచం మీదకి విసిరేశాడు. సాయంత్రం భార్య మొదటి గ్లాసు తెచ్చి ఎదుట నిలబడితే, ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"ఎవడికి కావాలే ఇదంతా? ఇరవై ఎనిమిదేళ్లు వండి పెట్టాను. నేనేడని ఒక్కడు అడగలేదు."

"నేనడుగుతున్నాను" అందావిడ, కోపం ఏమాత్రం తగ్గకుండా. "రేపూ అడగాలి, ఎల్లుండీ అడగాలి. తాగండి."

అతను గ్లాసు లాక్కుని ఆవిడని కొరకొరా చూస్తూ గుక్క తిప్పుకోకుండా తాగేసి, రెండోది కలపమని చెయ్యి చాపాడు.