ఉప్పు చూసే గున్నమ్మ

గున్నమ్మకు ఉన్నది ఒకటే అలవాటు. పక్కవాళ్ల కంచంలో చెయ్యి పెట్టకుండా ఉండలేదు. తన కంచం నిండుగా ఉన్నా సరే, కన్ను మాత్రం పక్క కంచంలోని ముక్క మీదే. ఓ పెళ్లిలో కొత్త పెళ్లికొడుకు విస్తట్లో రొయ్యల వేపుడు మొత్తం ఊడ్చేసింది. అదేమిటని అడిగితే ఒకటే జవాబు: "ఉప్పు సూస్తన్నాన్రా!"

ఆడపడుచు చేతివాటం అసిరమ్మకు కాపురానికొచ్చిన నాటినుంచీ తెలిసిందే. ఈ ఏడు మాత్రం సహించలేకపోయింది.

అసిరమ్మ మొగుడు, గున్నమ్మ తమ్ముడు అయిన రాముడు డెబ్బై దాటిన మనిషి. ఒకప్పుడు తెప్ప మీద సముద్రాన్ని ఏలినవాడు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది. శ్రీకాకుళంలో డాక్టరమ్మ మొగుణ్ణీ పెళ్లాన్నీ గున్నమ్మనూ కూచోబెట్టి చెప్పింది. "ఇంజెక్షన్లతో క్యాన్సర్ అదుపులో ఉంది. కానీ ఈ వయసులో ఆ మందుల భారం గుండె మీద పడుతుంది. చూడండి, కాళ్లు వాచాయి. ఇప్పుడు ముందు కాపాడుకోవాల్సింది గుండెను. ఉప్పు తగ్గించండి."

సముద్రం ఒడ్డు ఊళ్లో ఉప్పు తగ్గించడమా! పలకరించడానికొచ్చిన ప్రతివాళ్లూ ఎండుచేపో రొయ్యపచ్చడో పట్టుకొచ్చేవారు. ఇంకెన్నాళ్లుంటాడో, మనసుతీరా తిననీ అని. అసిరమ్మ వద్దంటే రాముడు కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. "సచ్చిపోయేవోడికి సేపముక్క ఎట్టవేటే?" ఆవిడ మనసు కరిగిపోయి వేయించి పెట్టేది.

సరిగ్గా అప్పుడే గున్నమ్మ దిగబడేది.

"ఏటిరా తమ్ముడూ, తింతన్నావా?" అంటూండగానే ముక్క ఆమె నోట్లో ఉండేది.

"అప్పా! నా సేప!"

"ఉప్పు సూస్తన్నాన్రా!"

"మొత్తం తినీసి సూస్తావేటి?"

"తలకాయ కాడొకలాగ, తోక కాడొకలాగ ఉంటాదిరా!"

జబ్బుమనిషి నోటికాడి కూడు లాక్కుంటోందని అసిరమ్మకు ఒళ్లు మండిపోయింది. "సిగ్గు నేదా వొదినా?" అని ఓ రోజు అనేసింది కూడా. గున్నమ్మ అది దులిపేసుకుని పచ్చడి గిన్నె కూడా దగ్గరికి లాక్కుంది.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ రాముడి కాళ్లు నొక్కి చూసి నవ్వింది. "వాపు దిగింది. ఆయాసమూ తగ్గింది. మందులు పనిచేశాయి. ఉప్పు కూడా భలే మాన్పించావమ్మా."

అసిరమ్మ తెల్లబోయింది. తను మాన్పించిందేమీ లేదు. మెల్లగా ఆడపడుచు వైపు తిరిగింది. గున్నమ్మ గోడ మీది గుండె బొమ్మను తెగ శ్రద్ధగా చూస్తోంది. డాక్టరమ్మకు అనుమానమొచ్చి ఆమెకూ బీపీ చూసింది. "అమ్మో! పెద్దమ్మా, నువ్వేం తింటున్నావ్?"

"ఆ సేపలన్నీ కావాలనే తిన్నావా వొదినా?" అంది అసిరమ్మ.

"మరేటి సేయమంతావే? వొద్దంటే సచ్చిపోయేవోణ్ణి అంటాడు. ఆ మాట ఇన్నాక నాకు నోరు రాదు. సెయ్యి మాత్రం వొస్తాది."

అసిరమ్మ ఆ చెయ్యి పట్టుకుని బస్సు దిగేదాకా వదల్లేదు. రాముడు దారంతా అక్క మొహమే చూస్తూ కూచున్నాడు.

మర్నాడు పక్కింటి యమున వేయించిన ఎండుచేప తెచ్చి రాముడి కంచంలో వేసి వెళ్లింది. గున్నమ్మ ఠక్కున అందుకుంది. అది నోటిదాకా వెళ్లకముందే రాముడు లాక్కుని గుమ్మంలోని పిల్లికి విసిరేశాడు.

"ఒరే! నా సేప!"

"నువ్వుండాలప్పా," అన్నాడు రాముడు ఉప్పు లేని పప్పు కలుపుకుంటూ. "నాను సచ్చిపోయేవోణ్ణి కాదు, ఇంకా బతుకుతాను. నా కంచంలో సెయ్యెట్టడానికి ఎవులో ఒకలుండొద్దా?"

గున్నమ్మ చెయ్యి చాపింది. తమ్ముడి కంచంలోంచి ఓ ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. మొహం వికారంగా పెట్టింది.

"సీ! ఇదెలాగ తింతన్నావురా!" అంటూనే రెండో ముద్ద తీసుకుంది.