బుర్సా పెద్ద మసీదులో అమీర్‌బీ

అమీర్‌బీ రాయచోటిలో పుట్టింది, అక్కడే పెళ్ళయింది, భర్త పోయాక కువైట్ వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఫింతాస్‌లో ఒకే ఇల్లు, పదిహేనేళ్ళుగా. మొదట్లో ఇల్లంతా తుడిచేది. ఆ ఇంటి ముసలావిడకు కాళ్ళు పడిపోయాక ఆవిడను కనిపెట్టుకుని ఉండడమే పనైపోయింది. అక్కడి పనివాళ్ళ అలవాటు ప్రకారం, అమ్మ అనే అర్థంలో, ఆవిడను ‘పెద్ద మామా’ అని పిలిచేది. ఆవిడ కొడుకు, ఇంటి యజమాని, ‘బాబా’.

ఆ వేసవిలో బాబా కుటుంబం టర్కీ ప్రయాణం పెట్టుకుంది. అందరూ ఇస్తాంబుల్ అంటే పెద్ద మామా ఒక్కతే బుర్సా అని పట్టుబట్టింది. సుల్తానులు ఇస్తాంబుల్ చేరకముందు వాళ్ళ రాజధాని బుర్సాయే. పెళ్ళైన కొత్తలో భర్త తనను అక్కడికి తీసుకెళ్ళాడట. ఇంకోసారి ఆ ఊరు చూసి గాని చావనంది. ఆవిడ కదలాలంటే అమీర్‌బీ కూడా కదలాలి.

“ఊరు సూసేదానికి పోతాండావు, అదృష్టమే అక్కా నీది,” అంది ఆ ఇంట్లోనే వంట చేసే మద్దమ్మ. ఆమెది సుండుపల్లె.

“ఊరు సూసేదానికా? బండి నెట్టేదానికి పోతాండా,” అంది అమీర్‌బీ.

నిజంగానే అట్లాగే జరిగింది. బుర్సా కొండవాలు ఊరు. వీధి ఎక్కడమైనా ఉంటుంది, దిగడమైనా ఉంటుంది, చదునుగా మాత్రం ఉండదు. బాబా భార్య పట్టు బజారులో కండువాలు బేరమాడుతుంటే అమీర్‌బీ బయట చెట్టు కింద చక్రాల కుర్చీ పట్టుకుని నిలబడేది. పెద్ద మామా, భర్తతో చూసిన ఆ ఊరి పెద్ద మసీదు మాట ఎత్తినప్పుడల్లా బాబా “రేపు” అనేవాడు.

ఒక ఉదయం వాళ్ళంతా తీగల మీద నడిచే బండిలో కొండపైకి బయలుదేరారు. అంత ఎత్తు పెద్ద మామా గుండెకు మంచిది కాదని డాక్టరు ముందే చెప్పి పంపాడు.

“హోటల్ దాటొద్దు,” అని అమీర్‌బీకి చెప్పి వెళ్ళాడు బాబా.

వాళ్ళ కారు మలుపు తిరగ్గానే పెద్ద మామా బయటికి వేసుకునే అబాయా అడిగింది.

“యల్లా, మసీదుకు పోదాం.”

“బాబా వద్దన్నాడు, మామా.”

“మీ బాబాను కన్నది నేను.”

అమీర్‌బీ పాస్‌పోర్టూ, కువైట్‌లో ఉండేందుకు అనుమతినిచ్చే ఇఖామా కార్డూ బాబా సంచిలో ఉన్నాయి. అడక్కుండా గడప దాటిన రోజు ఈ పదిహేనేళ్ళలో లేదు. ఫోను చేస్తే వద్దంటాడని తెలుసు కాబట్టి చేయలేదు. ముసలావిడ అప్పటికే చేతులతో చక్రాలు తిప్పుకుంటూ లిఫ్టు వైపు పోతోంది. అమీర్‌బీ వెనకే వెళ్ళి పిడి పట్టుకుంది.

వీధి నిటారుగా కిందికి దిగుతోంది. కుర్చీ జారిపోతుందని భయమేసి, దాన్ని వెనక్కి తిప్పి, బరువంతా తన ఒంటిమీద కాచుకుంటూ వెనకడుగు వేస్తూ దిగింది. అడుగు తప్పినప్పుడల్లా పెద్ద మామా నవ్వేది. ఆవిడ నవ్వు విని చాలా కాలమైంది.

మసీదు గుమ్మం దగ్గర పనివాడొకడు తడిగుడ్డ తెచ్చి చక్రాలు తుడిచాడు. లోపలికి దారి చూపించాడు. అమీర్‌బీ కదల్లేదు.

“ఆగావెందుకు?” అంది పెద్ద మామా.

“నేనెప్పుడూ లోపలికి పోలేదు, మామా.”

“మొదటిసారి వచ్చావుగా, ఎట్లా పోయుంటావు?”

“ఇందులోకని కాదు. ఏ మసీదులోకీ.”

రాయచోటిలో వాళ్ళ వీధి ఆడవాళ్ళు దర్గాకు పోయేవాళ్ళు, నమాజు ఇంట్లోనే చేసుకునేవాళ్ళు. చిన్నప్పుడు రంజాన్ సాయంత్రాలు ఇఫ్తార్ పళ్ళెం మోసుకుపోయి గడప దగ్గర అందించి వచ్చేది, అంతవరకే. కువైట్ మసీదుల్లో ఆడవాళ్ళకు గదులుంటాయని తెలుసు. వెళ్ళొస్తానని అడిగే అలవాటు ఆ ఇంట్లో పనివాళ్ళకు లేదు. వాషింగ్ మెషీన్ పక్కన చాప వేసుకునేది.

పెద్ద మామా ఆమె వైపు తిరిగి చూసింది. ముందుకు చెయ్యి చూపింది.

లోపల స్తంభాల నిండా, గోడల నిండా నల్లటి అక్షరాలు. కొన్ని అమీర్‌బీ కంటే ఎత్తున్నాయి. తలెత్తితే గుమ్మటం వెంట గుమ్మటం. నడిమి గుమ్మటానికి అద్దం వేసి ఉంది. ఆ వెలుగు సరిగ్గా కింద నీళ్ళ తొట్టి మీద పడుతోంది. మసీదు లోపలే నీళ్ళు పారుతున్న చప్పుడు! పెద్ద మామా దోసిలి పట్టి తాగి, ముఖం తడుపుకుంది. భర్త పేరు మెల్లగా పలికింది.

మధ్యాహ్నం నమాజుకు పిలిచే అజా వినిపించింది. చెక్క జాలీ వెనక ఆడవాళ్ళ వరుసలో, ఎవరో జరిగి చోటిస్తే అమీర్‌బీ నిలబడింది. ఏడుపొస్తుందేమో అనుకుంది, రాలేదు. తివాచీకి నుదురు ఆనించినప్పుడు, పనికి ఎవరూ పిలవరు కదా ఇప్పుడు అనిపించింది. ఆ మాట వింతగా తోచింది.

ట్యాక్సీలో తిరిగొచ్చేసరికి బాబా హోటల్ వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. కొండ మీద పొగమంచు కమ్మి బండ్లు ఆపేశారట.

“ఆమెకేమైనా అయ్యుంటే? కువైట్ చేరగానే నీ ఇఖామా రద్దు చేయిస్తా. ఖలాస్!”

అమీర్‌బీ తల వంచుకుంది. పెద్ద మామా మాత్రం గొంతు పెంచలేదు.

“తీసుకెళ్ళింది నేను. ఇది ఏ మసీదూ లోపలినుంచి చూడలేదట. మనింట్లో పదిహేనేళ్ళుంది. నాకివాళ తెలిసింది. నీకు తెలుసా?”

బాబా వంగి తల్లి కుర్చీ పిడి తనే అందుకున్నాడు. అమీర్‌బీ మీద మళ్ళీ అరవలేదు. ఇఖామా మాట తిరిగి ఎవరూ ఎత్తలేదు.

“ఎట్లుండాది అక్కా ఊరు?” అని ఫింతాస్‌లో మద్దమ్మ అడిగింది.

“అన్నీ ఎత్తులూ పల్లాలే మే. సేతులు పడిపోయినాయి,” అంది అమీర్‌బీ. తర్వాత కూరగాయలు తరుక్కుంటూ మసీదు సంగతంతా చెప్పింది. మద్దమ్మ పొయ్యి సన్నం చేసి విన్నది.

ఆ తర్వాత శుక్రవారాలు పెద్ద మామా డ్రైవరును పిలిపించి, అమీర్‌బీని వెంటబెట్టుకుని నమాజుకు పోయేది. చలికాలం వచ్చేసరికి ఆవిడ మంచం దిగలేకపోయింది. రెండు శుక్రవారాలు అట్లాగే పోయాయి. మూడో వారం అమీర్‌బీ హాల్లోకి వెళ్ళి నిలబడింది.

“బాబా, నమాజుకు పోయొస్తా. అంతసేపూ పెద్ద మామా దగ్గర మద్దమ్మ కూర్చుంటుంది.”

అతను ఫోనులోంచి తలెత్తి చూశాడు. “పో,” అన్నాడు.

నడిచే వెళ్ళింది. ఫింతాస్ మసీదులో ఆడవాళ్ళ గది చిన్నది, ఏసీ చల్లదనం ఎక్కువ, ఇమాం మాట స్పీకరులో గరగరమంటుంది. ఆమె ఇప్పటికీ వెళ్తూనే ఉంది.