తాయారు సబ్బుబిళ్ల

పెరంబూరులో తాయారు ఉండే వీధిలో ఎవరిని కుక్క కరిచినా ఆమె చేతిసంచిలోంచి సబ్బుబిళ్ల బయటికొస్తుంది. గాయానికి పసుపు అద్దబోయే చేతిని పక్కకు తోసి, "కాలు ఈడ పెట్టు" అంటూ కుళాయి కింద పావుగంట కడిగించి, సూదిమందుకు ఆసుపత్రికి తానే లాక్కెళ్తుంది. "పన్ను తగిలిందంతే అక్కా" అనేవాళ్లను చూసి పకపకా నవ్వుతుంది. నిన్న, ఆమె ఇడ్లీలు పెట్టి పెంచుకున్న కుక్క మణిగాడే ఆమె వేలు కొరికాడు. తాయారు వేలిని కొంగులో దాచుకుని, "పన్ను తగిలిందంతే" అంది. పక్కింటి రంజని కుళాయి తిప్పి, ఆ సంచిలోని సబ్బే తీసి చేతికిచ్చింది. ఆసుపత్రిలో సూది గుచ్చినా తాయారు కిక్కురుమనలేదు. ఎవరి కుక్క అని నర్సు అడిగినప్పుడు మాత్రం తల దించుకుని, "ఎవురిదీ కాదులే తల్లీ, ఏదో వీధికుక్క" అంది. మణిగాడి పరువు తీయడానికి ఆమెకు మనసొప్పలేదు.