గుమ్మడికాయతో తిరిగొచ్చిన పాట

నిన్న సాయంత్రం మా చిన్నమ్మాయి రేడియో ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎవరైనా పోయారేమోనని వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తాను. తీరా చూస్తే దానికి ప్రాణమైన పాట పోయిన వారం రెండో స్థానంలో ఉండి ఈ వారం ఎక్కడో అడుక్కి జారిపోయిందట. ఆ స్థానాలు ఎవరు నిర్ణయిస్తారే అని అడిగితే, దుకాణాల్లో ఏ పాట క్యాసెట్లు ఎక్కువ పోయాయో చూసి చెబుతారంది, నా అజ్ఞానానికి జాలిపడుతూ. నాకు నవ్వాగలేదు. దుకాణంలో ఒక్కటీ పోకుండానే చుట్టుపక్కల ఊళ్లన్నిటినీ ఏడిపించిన పాట మా ఇంట్లో పుట్టింది మరి. అది ఏ వారం ఏ స్థానంలో ఉందో మేము వంటింట్లో చూసి చెప్పేవాళ్లం.

అవి రజాకార్ల భయం పోయిన కొత్త రోజులు. నేను మిర్యాలగూడ నుంచి సూర్యాపేటకు కోడలిగా వచ్చి ఏడాది తిరగలేదు. మా యారాలు, అంటే మా బావగారి భార్య, గొంతు గురించి ఉన్నదున్నట్టు చెబితే మీరు నమ్మరు గనుక కొంచెం తగ్గించే చెబుతాను. ఆమె రోకలి పట్టి పాట ఎత్తుకుంటే వడ్లు వాటంతటవే పొట్టు విప్పుకుని పక్కకు నిలబడేవి. మద్రాసులో ప్లేట్ల కంపెనీలో హార్మోనియం వాయించే బావగారి స్నేహితుడొకాయన ఓసారి మా ఇంటికి భోజనానికొచ్చాడు. గ్రామఫోను రికార్డును అప్పుడు అందరం ప్లేటనే అనేవాళ్లం. పెరట్లోంచి దంపుడు పాట వినబడేసరికి ఆయన కలిపిన ముద్ద చేతిలోనే ఎండిపోయింది. చెయ్యి కడుక్కోకుండానే "ఈ గొంతు మద్రాసు రావాలండీ" అన్నాడు.

మా అత్తమ్మ ఒప్పుకోలేదు. "నా కోడలి గొంతు హోటల్ల చాయ్ తాగెటోళ్లు ఇనుడేంది?" అంది. "ఇంటరు గని మనిషిని సూడరు గదనే అవ్వా" అన్నారు బావగారు తల్లితో. ఆ జవాబులో ఆమెకు ఏం న్యాయం కనబడిందో గానీ, ప్రయాణానికి సద్దులు తానే కట్టి ఇచ్చింది. యారాలు మద్రాసు వెళ్లి, ప్లేటుకు ఒకవైపు దంపుడు పాట, రెండోవైపు అప్పగింతల పాట పాడి, కంపెనీవాళ్లిచ్చిన ఒక్క ప్లేటునూ ఒక్క మాటనూ వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. ఆ మాట ఏమిటంటే, ఈ ప్లేటు అమ్ముడుపోతే రెండోదానికి పిలుస్తారు, లేకపోతే లేదు.

ఆ రెండో ప్లేటు కోసం ఆమె ఊరగాయ మానేసింది. మా వైపు ఊరగాయ మానడమంటే సన్యాసం కంటే ఒక మెట్టు పైన. పొద్దున్నే మిరియాల నీళ్లు పుక్కిలిస్తుంటే బజారులో పోయే ఎద్దులు మెడ తిప్పి చూసేవి. నేను నవ్వితే ఒకరోజు అంది: "మా అవ్వ నేర్పిన పాటలు ఇంక శానా ఉన్నయి చెల్లె. అవ్వ లేదిప్పుడు. నాతోని పోతే ఎట్ల? ప్లేటెక్కితే ఉంటయి." ఆ తర్వాత నేను నవ్వలేదు. నాకూ ఊరగాయ మానాలనిపించింది గానీ, పెద్ద పెద్ద త్యాగాలు ఇంటికి ఒకరు చేస్తే చాలని ఊరుకున్నాను.

ఆ భయం రోజుల్లో ఆగిపోయిన పెళ్లిళ్లన్నీ ఆ వేసవిలో ఒక్కసారి మీద పడ్డాయి. ఊరికో గ్రామఫోను పెట్టె ఎక్కడో ఒకచోట ఉండేది, ప్లేటు మాత్రం మా ఇంటి నుంచి పోవాలి. పెళ్లికి గంగాళం అడిగినట్టే వచ్చి అడిగేవారు. "అత్తా, జర మీ కోడలి ప్లేటియ్యరాదె, పిల్ల ఏడ్సుకుంట పోవద్దా?" అనేవారు. ఆ అప్పగింతల పాట పెడితే ఏడవని తల్లి లేదు. ఆత్మకూరులో మగపెళ్లివారి ఎద్దులు కూడా బండి కదిలించలేదని, చివరికి ప్లేటు ఆపితే గానీ నడవలేదని చెప్పుకున్నారు. నేను ఆ ఎద్దులను చూడలేదు, కానీ అవి అలా చెయ్యగలవనే నా నమ్మకం.

మా ఊళ్లలో అడిగి తీసుకెళ్లిన గిన్నెను ఖాళీగా తిరిగివ్వరు. పిడికెడు బియ్యమో, బెల్లం ముక్కో వేసి ఇస్తారు. ప్లేటులో బియ్యం నిలవవు గనుక దాంతోపాటు పట్టుకొచ్చేవారు. గరిడేపల్లి నుంచి కందులు వచ్చాయి. ఇంకో ఊరి నుంచి సకినాలు. ఒకాయన మోయలేక మోస్తూ గుమ్మడికాయ తెచ్చాడు. పాట స్థానాన్ని మేము వాటిని బట్టే లెక్కగట్టేవాళ్లం. తోటకూర వస్తే పాట కొంచెం తగ్గిందనీ, బెల్లం వస్తే నిలకడగా ఉందనీ, గుమ్మడికాయ వస్తే దానికి ఎదురులేదనీ. బావగారు గుమ్మడికాయను నడింట్లో పెట్టి, వచ్చినవాళ్లకు దాన్నే చూపించేవారు. ఇక రెండో ప్లేటుకు పిలుపు రావడమే తరువాయి అనుకున్నాం.

పిలుపు రాకపోతే బావగారు, యారాలు, నేను కోదాడ బస్సెక్కాం. బెజవాడ నుంచి ప్లేట్లు తెప్పించి అమ్మేది అక్కడి సైకిళ్ల షాపాయనే. ఆయన మర్యాదగా కుర్చీలు వేసి, మూలకు చూపించాడు. అక్కడ యారాలి ప్లేట్లు కట్టలు విప్పకుండా ఉన్నాయి. వాటి మీద ఒక బల్లి కాపురం పెట్టి, పిల్లాపాపలతో చల్లగా ఉంది. "ఎందుకు కొంటారండీ?" అన్నాడాయన. "సూర్యాపేట వాళ్లింట్లో అడిగితే ఇస్తారుగా అంటున్నారు అందరూ. వానలు తగ్గేలోపు ఇవి కదలకపోతే తిప్పి పంపేయమంది కంపెనీ. ఇంక రెండోదాని మాట నేనెత్తలేనమ్మా."

"అన్నీ మనమే కొందాం" అన్నారు బావగారు. యారాలు తలెత్తలేదు. "నా పెండ్లిల సదివింపులు నేనే సదివించుకోవాల్నా? ఒద్దు" అంది. తిరుగు బస్సులో ఆమె ఒక్క కూనిరాగమైనా తియ్యలేదు.

ఇంటికొచ్చి ఇకనుంచి ప్లేటు ఎవరికీ ఇవ్వొద్దని తీర్మానించాం. అత్తమ్మ అంతా విని, "ఇంట్ల వస్తువు పెట్టుకొని లేదంటనా? నాతోని కాదు" అంది. అన్నట్టే తెల్లారి ఎవరో అడిగితే తీసి ఇచ్చింది. అది తోటకూరతో తిరిగొచ్చింది. ఆ తోటకూర ఏరుతూ యారాలు, "ఇగ ఊరగాయ తింట చెల్లె, ఏముంది?" అంది. అత్తమ్మ అక్కడే కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ఆమె చెయ్యి ఒక్కసారి ఆగింది.

తర్వాత మిర్యాలగూడలో మా చెల్లెలి పెళ్లి. ప్లేటు లేకుండా రావద్దని మా అమ్మ కబురు. గుడ్డలో చుట్టి బండిలో గడ్డి మీద పెట్టాం. మూసీ దాటేచోట ఇసుకలో చక్రాలు దిగబడితే అందరం దిగి నడిచాం. ఒడ్డుకెక్కాక అత్తమ్మ అందరికంటే ముందు బండెక్కింది. మా అత్తమ్మ పీట మీద కూర్చునేముందు కూడా చేత్తో తుడిచి, వంగి చూసి, చీమకు లేచిపోయే వ్యవధి ఇచ్చి కూర్చునే మనిషి. ఆ రోజు నిలువునా, గోడ కూలినట్టు కూలబడింది. కింద టప్పుమంది.

గుడ్డ విప్పితే ముక్కలు. యారాలు వాటిని కొంగులో వేసుకుని, ఏడవకుండా ఏటివైపు చూస్తూ ఉండిపోయింది. "పలిగిందా?" అంది అత్తమ్మ తాపీగా. "కూసునే జాగల పెడ్తరా ఎవలన్న? ఇగ పోనియ్యి బండి."

పెళ్లింట్లో మా అమ్మ ముఖం వాడిపోయింది. పోనీ మనిషే ఉంది కదా, పాడించండి అన్నారు ఆడవాళ్లు. యారాలు పాపం గొంతు సవరించుకుంది. పాట బయటికొచ్చేలోగా అత్తమ్మ ఆమె నోట్లో ఒక లడ్డు కుక్కింది. "గొంతు నలగొద్దు దానికి. కోదాడల ప్లేట్లున్నయంట, తెచ్చుకొని ఇనుండ్రి." ఆ లడ్డు మింగడానికి అప్పగింతలు అయ్యేదాకా పట్టింది.

అక్కణ్నుంచి ఎవరొచ్చి అడిగినా అత్తమ్మది ఒకటే జవాబు, అందులో అబద్ధం ఆవగింజంత లేదు. "ఉంటే ఇయ్యనా బిడ్డా? పలిగింది. కోదాడల దొరుకుతదంట." పెళ్లిళ్లా ఆగవు, ఆ పాట లేకుండా పిల్లను పంపితే తల్లి సరిగా ఏడవలేదన్న పేరు. ఒక ఊరు కొంటే పక్క ఊరు మేమేం తక్కువ అంది. వానలు ఇంకా తగ్గకముందే సైకిళ్ల షాపాయన తడుస్తూ మా గుమ్మంలో నిలబడ్డాడు. "ఉన్నవన్నీ పోయాయండీ, మళ్లీ తెప్పించినవీ పోయాయి. బల్లి కూడా ఖాళీ చేసింది. అమ్మగారిని దసరా వెళ్లాక మద్రాసు రమ్మంటున్నారు." యారాలు చేతిలోని చాట కింద పెట్టి, మళ్లీ తీసుకుని, మళ్లీ కింద పెట్టింది.

సాగనంపడానికి కోదాడ దాకా అందరం వెళ్లాం. బెజవాడ బస్సు రావడానికి ఇంకా వ్యవధి ఉందని షాపాయన ప్లేటు పెట్టాడు. అత్తమ్మ అప్పగింతల పాటను నిలబడే విని, "ఇంకోపారి పెట్టు నాయినా" అంది. అప్పుడు యారాలు అత్తమ్మ దగ్గరకెళ్లి మెల్లగా అడిగింది. "నిజం జెప్పు అత్తమ్మా, సూసే కూసున్నవు గదా?"

"నాకు ఈపుల కండ్లున్నయా?" అంది అత్తమ్మ, కోడలి భుజం మీద కొంగు సర్దుతూ. "బస్సొస్తున్నది, నడువు. మీ అవ్వ పాటలన్నీ యాదికున్నయా?"

ఉన్నాయంది. బస్సు దుమ్ములో కలిసేదాకా చూసి వెనక్కి తిరిగాం. ఒక్కసారే అన్నీ పాడి రానివ్వరట, రెండేసి పాటల చొప్పున పోవాలట. అయితేనేం, ముందు బోలెడంత కాలం ఉందనుకున్నాం. నా మాటల్లో గొప్పలని ఎంత తీసేసినా ఇది మాత్రం తియ్యకండి, ఆ పాటలన్నీ ప్లేటెక్కేంత కాలం నిజంగానే ఉండింది.