దావీదు మామ కట్టిన ముడి

ఆరేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. రెండక్షరాల మాట. "లేదు" అని. అనడానికి ఊపిరి తీసుకున్నంత సేపు కూడా పట్టలేదు. దించుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది, పూర్తిగా దిగిందో లేదో ఇప్పటికీ తెలియదు. ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకూ తెలియనవసరం లేదు. మనిషి ఎదురుగా ఉంటే నేను చెప్పలేను. అందుకే రాస్తున్నాను.

మాది వనపర్తి. ఊరి బయట, పెబ్బేరు పోయే దారిలో మాకొక చిన్న పార్కు ఉండేది. 'ఉండేది' అని రాయడం ఇంకా అలవాటు కాలేదు. ఒక జెయింట్ వీల్, పిల్లల రైలు, గుండ్రంగా తిరిగే గుర్రాలు, ఊగే పడవ. అంతే. పెళ్లికి ముందు నాన్న ఆ చక్రాన్ని విప్పి లారీలో వేసుకుని జాతర జాతరకూ తిరిగేవాడట. నేను పుట్టాక ఒకచోట నిలబడదామని ఒక పెద్దాయన భూమి కౌలుకు తీసుకున్నాడు. టికెట్లు మొదట అమ్మ ఇచ్చేది, తర్వాత నేను. ఆ గది కిటికీ ఎంత చిన్నదంటే అందులోంచి చేతులే లోపలికి వస్తాయి, ముఖాలు కనిపించవు. నాకు అది బాగుండేది. చేతులకు టికెట్ ఇచ్చి మళ్లీ పుస్తకంలోకి పోవచ్చు.

చక్రాన్ని చూసుకునేది దావీదు మామ; జాతరల రోజుల నుంచీ దాన్ని విప్పేదీ బిగించేదీ ఆయనే. మాకు చుట్టం కాదు, కానీ నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మామే. అయిజ దగ్గరి పల్లె ఆయనది. వయసులో ఉన్నప్పుడు బొంబాయికి కూలికి పోయి, పెద్ద పెద్ద భవనాల మీద ఇనుప పని నేర్చుకుని వచ్చాడు. చక్రంలోని ప్రతి ముక్క మీదా, ఏది దేనికి కలుస్తుందో తెలిసేలా సుత్తితో చిన్న చిన్న గుర్తులు కొట్టుకున్నాడు. అవి ఆయనకు తప్ప ఇంకెవరికీ అర్థం కావు.

ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. గ్రీజు పెట్టడానికి పైకి ఎక్కేముందు, టికెట్ గదిలో ఉన్న చక్రం మోటారు స్టార్టర్ డబ్బాకు ఎర్రగుడ్డ చుట్టి ముడి వేసేవాడు. బటన్లు కనిపించకుండా. గుడ్డ ఉందంటే పైన మనిషి ఉన్నాడని. కట్టినవాడే దిగివచ్చి విప్పాలి. నాన్న కూడా దాని మీద చెయ్యి వేయకూడదు. చిన్నప్పుడు ఒకసారి ఆడుకుంటూ ఆ ముడి పట్టుకుని లాగబోతే మామ నా మీద అరిచాడు. జీవితంలో ఆయన నా మీద అరిచింది అదొక్కసారే.

ఆ రోజు మధ్యాహ్నం పార్కులో ఎవరూ లేరు. అప్పుడు నేను డిగ్రీ మొదటి సంవత్సరం. నాన్న టౌన్‌కు పోయాడు. అమ్మ ఇంట్లో ఉంది. మామ వచ్చి గుడ్డ కట్టి వెళ్లాడు. కట్టడం చూశాను. ఇది ముందే రాసేస్తున్నాను, తర్వాత రాయలేనేమోనని. కట్టడం నేను చూశాను.

గంట గడిచిందేమో. గది తలుపులోంచి నలుగురు అమ్మాయిలు లోపలికి తొంగిచూశారు. నా క్లాసువాళ్లు. కాలేజీలో నేనెవరికీ మా పని గురించి చెప్పలేదు. అడిగితే "నాన్నది బిజినెస్" అనేదాన్ని. సిగ్గా? సిగ్గే. జాతరలో చక్రం తిప్పేవాళ్ల పిల్ల అనిపించుకోవడం ఇష్టం లేక.

"నువ్వేందే ఈడ?" అంది ఒకతె. "ఇది మీదేనా? గిన్ని దినాలు చెప్పనే లేదు సూడు!" అని ఇంకొకతె నవ్వింది. వెక్కిరింత కాదది. నిజంగానే సంబరపడ్డారు. నాకు మాత్రం ముఖం మండిపోయింది. నలుగురూ పరుగెత్తి చక్రానికి అన్నింటికన్నా కింద ఉన్న తొట్టిలో ఎక్కి కూర్చున్నారు. "తిప్పవే జర, బస్సు టైమైతుంది" అని కేకలు.

స్టార్టర్ మీద గుడ్డ ఉంది. బయటికి వచ్చి పైకి చూశాను. ఎండ కళ్లలో పడింది. చక్రం నడుమ రంగులేసిన రేకు పలక ఉంటుంది. దాని వెనక మనిషి ఉంటే ఇటు నుంచి కనిపించడు. అన్నం తినడానికి పోయి ఉంటాడు, విప్పడం మరిచిపోయి ఉంటాడు అనుకున్నాను. అనుకున్నానా, అనుకోవాలని అనుకున్నానా? ఆయన చెప్పులు విడిచి ఎక్కుతాడు. నిచ్చెన కింద చెప్పులు ఉన్నాయి. ఆ రోజు వాటిని చూశానా లేక ఇన్నేళ్లలో నా తల వాటిని తెచ్చి అక్కడ పెట్టిందా? చూశాననే అనిపిస్తుంది.

ఒక్క కేక వేస్తే సరిపోయేది. "మామా!" అని. కానీ ఆ నలుగురి ముందు నోరు తెరిచి అరవడం నాకు చేతకాలేదు. ఒక మనిషి చేతికంటే నా మొహమాటం ఎక్కువైంది. గదిలోకి వెళ్లి ముడి విప్పాను. పచ్చ బటన్ నొక్కాను.

చక్రం పావు వంతు కూడా తిరగలేదు. అరుపు వినిపించింది. ఎర్ర బటన్ నొక్కాను. అమ్మాయిలు ఇంకా నవ్వుతూనే ఉన్నారు, అది ఆటలో భాగమనుకున్నారు. మామ నడుముకు తాడు కట్టుకుని ఉన్నందుకు కింద పడలేదు. కుడిచెయ్యి ఇరుక్కుంది. మూడు వేళ్లు పోయాయి.

రోడ్డు మీది మనుషులు పరుగెత్తుకొచ్చి ఆయన్ను దించుతున్నప్పుడు నేనేం చేశానో చెప్పాలి. నీళ్లు తేలేదు. నాన్నకు ఫోన్ చేయలేదు. నేల మీద పడి ఉన్న ఎర్రగుడ్డను మడిచి, చదువుతున్న పుస్తకంలో పెట్టి, పుస్తకాన్ని సంచిలో పెట్టాను. అంత తొందరలో అంత నింపాదిగా ఎలా మడిచాను?

దవాఖాన వరండాలో నాన్న నా రెండు భుజాలు పట్టుకుని అడిగాడు.

"గుడ్డ కట్టిండా?"

"లేదు."

మళ్లీ అడగలేదు. తన బిడ్డ మాటను రెండోసారి అడగాల్సిన అవసరం ఆయనకు అంతకుముందెప్పుడూ రాలేదు. అమ్మ నన్ను దగ్గరికి తీసుకుని, "పోరిదేం తప్పున్నది, గుడ్డ లేకుంటే ఆమెకేం తెలుస్తది" అని అందరితో అంది. అందరూ తలూపారు. ఆ రోజు డైరీలో కూడా గుడ్డ కట్టలేదనే రాశాను. ఎవరూ చూడని డైరీలో. తర్వాత తీసి చదువుకుంటే, అచ్చు నిజంలాగే ఉంది.

మామ చెయ్యి మానాక నాన్న ఆయన్ను పనిలోకి రానివ్వలేదు. మరిచిపోయే మనిషి చేతిలో పరాయి పిల్లలను పెట్టలేనన్నాడు. మామ వాదించలేదు. ఊరికి పోయి మేకలు పెట్టుకున్నాడు. రెండేళ్ల తర్వాత పెబ్బేరు సంతలో ఆయన భార్య సువార్తమ్మత్త అమ్మకు కనిపించి చెప్పిందట. పొయ్యి ఆర్పాడా లేదా అని ఆయన మళ్లీ మళ్లీ చూస్తాడట. మేకల దడికి గొళ్లెం పెట్టి, నాలుగడుగులు పోయి, వెనక్కి వస్తాడట. "ఏ పని జేసినా జేసిన్నో లేదో జర సూడవే అంటడు వదినా, పరేషాన్ అయితున్నది" అందట. అమ్మ జాలిపడుతూ చెబుతుంటే నేను పప్పన్నం కలుపుకుంటున్నాను. ఆ ముద్ద నోటి దాకా పోలేదు.

అప్పటిదాకా మూడు వేళ్లే తీశాననుకున్నాను. ఆయన దగ్గర ఇంకేం తీశానో ఆ రోజు తెలిసింది. అయినా చెప్పలేదు. ఇంకా నాలుగేళ్లు చెప్పలేదు. ఎక్కడైనా ఎర్రటి గుడ్డ ముడివేసి ఉంటే, లారీ వెనక కానీ, పెళ్లి పందిట్లో కానీ, నా వేళ్లు వాటంతటవి కదిలేవి. చక్రం గాలికి కొంచెం కదిలి తొట్టి కిర్రుమంటే చాలు, నా చెయ్యి ఎర్ర బటన్ మీదికి పోయేది. దాన్ని నడపడానికి వేరే మనిషిని పెట్టారు. ఆ కొత్త మనిషి గ్రీజు పెట్టే రోజుల్లో తలనొప్పి అని చెప్పి ఇంట్లో ఉండేదాన్ని.

నిరుడు పార్కు భూమి ఇచ్చిన పెద్దాయన పోయారు. కొడుకులు భూమిని ప్లాట్లు చేశారు. రైలు పట్టాల మధ్య తెల్ల హద్దురాళ్లు పాతి, ఎండాకాలం లోపల ఖాళీ చేయమన్నారు. నాన్న తిరిగి తిరిగి గద్వాల దగ్గర ఒక స్థలం చూసుకున్నాడు. దసరాకు అక్కడ తెరవాలని ఆశ. రైలు, గుర్రాలు, పడవ ఎవరైనా బిగించగలరు. చక్రాన్ని మాత్రం విప్పగలిగారు కానీ, మళ్లీ బిగించడం ఎవరికీ చేతకాలేదు. వచ్చిన ఇద్దరు మెకానిక్‌లూ ఆ సుత్తి గుర్తులు చూసి తల అడ్డంగా ఊపారు. చక్రం లేని పార్కుకు జనం రారు. చివరికి నాన్న తన పట్టుదల పక్కన పెట్టి దావీదు మామకు కబురు పంపాడు.

వచ్చాడు. తువ్వాలు కింద కుడిచెయ్యి దాచుకుని, ముక్కలైన చక్రం చుట్టూ ఒకసారి తిరిగాడు. టికెట్ గది దగ్గర నన్ను చూసి ఆగాడు.

"ఇంకా పుస్తకాలల్లనే ఉన్నవా బిడ్డా? గట్ల సదివితే కండ్లు అరిగిపోతయ్."

నవ్వాడు. నేనూ నవ్వాననుకుంటాను.

నాన్న ఆయన పక్కన కూర్చుని, "దావీదూ, నువ్వు రాకుంటే ఇది లేవదు. ఏది యాడ పడుతదో నాకు తెల్వది. పాతయన్నీ మర్సిపో, గద్వాలకు రా" అన్నాడు.

మామ పక్కనున్న ఇనుప ముక్క మీది సుత్తి గుర్తును ఎడమచేత్తో తడిమాడు.

"వద్దన్నా. నీ మీద కోపం లేదు. నేను గుడ్డ కట్టినట్టే నాకు యాదికున్నది. ముడేసింది గూడ యాదికున్నది. కట్టలేదని మీరందరన్నరు. మీరెందుకు అబద్ధమాడుతరు? యాదికున్నదే తప్పయితే ఇగ నేనేం నమ్మాలె? నేను బిగిచ్చిన నట్టు నేనే బిగిచ్చిన్నో లేదో తెల్వది. పిల్లలు ఎక్కేదాని కింద నా అసొంటోడు నిలబడొద్దు."

తర్వాత నావైపు తిరిగి, "నువ్వు నిజం జెప్పినవ్ బిడ్డా. నా మీద పావురం, పేమ ఉండి గూడ నిజమే జెప్పినవ్. నీ మీద నాకేం కోపం లేదు" అన్నాడు.

అప్పుడు కూడా నా నోరు తెరుచుకోలేదు. ఆయన బస్సెక్కి వెళ్లిపోయాడు.

మీరు అడగవచ్చు, ఆ క్షణం చెప్పకపోతే ఇంకెప్పుడు చెబుతావని. నన్ను నేనూ అదే అడిగాను, మూడు రోజులు. చెబితే నాన్నకు నేనేమవుతాను? చెప్పకపోతే మామ ఆ దడి గొళ్లెం దగ్గరికి ఇంకెన్నేళ్లు తిరిగి వస్తాడు? చిత్రమేమిటంటే, పార్కు పోతుందన్న భయం నన్ను కదిలించలేదు. ఆయన నన్ను మెచ్చుకున్నట్టు మాట్లాడడమే భరించలేకపోయాను.

మూడో రోజు పొద్దున నాన్న ఒక్కడే లారీకి ఎక్కించాల్సిన ఇనుమును వరుసగా పేరుస్తున్నాడు. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. "గుడ్డ ఉండె నాయినా. నేనే ఇప్పిన" అన్నాను. ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తిట్టలేదు, కొట్టలేదు. చేతిలోని నట్లు తిప్పే పానా నేల మీద పెట్టి, నన్ను ఎవరో దారిన పోయే మనిషిని చూసినట్టు చూశాడు. చొక్కా కూడా మార్చుకోకుండా రోడ్డు మీదికి నడిచి అయిజ వైపు పోయే బస్సు ఎక్కాడు.

సాయంత్రం వచ్చి అమ్మకు చెప్పాడు, నాకు కాదు. నేను గోడ ఇవతల విన్నాను. మామ మొదట నమ్మలేదట. మళ్లీ చెప్పమన్నాడట. తర్వాత సువార్తమ్మత్తను బయటికి పిలిచి, ఆమె ముందు మూడోసారి చెప్పించుకున్నాడట. "ఇన్నవా? కట్టిన్నంట" అన్నాడట ఆమెతో. ఆపైన, "వస్త. చక్రం నిలబెడ్త. ఆ పిల్ల మాత్రం ఆడ ఉండొద్దు" అన్నాడట.

ఇది పది రోజుల కిందటి సంగతి. ఈ రోజు గద్వాలలో చక్రం నిలబెడుతున్నారు. నేను ఇంట్లో ఉన్నాను. తెరిచాక కూడా టికెట్ గదిలో వేరే ఎవరో కూర్చుంటారు. నాన్న ఇంకా నాతో మాట్లాడలేదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. మీకు నేనేం చేయలేదు. అడగాల్సిన మనిషి నన్ను చూడనన్నాడు. చూడకపోవడమే న్యాయం.

ఇందాక నాన్న నుంచి అమ్మకు ఫోన్ వచ్చింది. మాట్లాడి పెట్టేసి, నావైపు తిరగకుండా బియ్యం చెరుగుతూ చెప్పింది, నాతోనో, తనలో తానో. ఇరుసు కూర్చోబెట్టారట. మామ కుడిచేతికి మిగిలిన రెండు వేళ్లతోనే బోల్టులన్నీ బిగించాడట. నాన్నకు భయమేసి ఒకసారి తానూ ఎక్కి చూస్తానని నిచ్చెన మీద కాలు పెట్టాడట. మామ పైనుంచి కసిరాడట.

"నేను బిగిచ్చిన్నంటే బిగిచ్చినట్టే అన్నా. దిగు."