సింహానికి సగం గడ్డం

భార్య పోయిన రోజునే ఆ మంగలి నోటికి తాళం పడింది. అంతకుముందు కుర్చీలో కూర్చున్న ప్రతివాడినీ "బావగారూ" అని పిలిచి, మెడకు గుడ్డ చుట్టి, కోతలు కోసేవాడు. కథ మంచి పట్టులో ఉండగా ఆపేసి, "మిగతాది మళ్లీసారి" అనేవాడు. మిగతాది వినాలన్న ఆత్రంతో గడ్డాలు తొందరగా పెరుగుతాయని అతని లెక్క. ఇంట్లో మాత్రం ఆ పప్పులుడికేవి కావు. ఆవిడ కూర తరుగుతూ, తలెత్తకుండా, "తర్వాత?" అనేది. చివరిదాకా చెప్పించేది.

ఆ "తర్వాత" వినబడటం మానేశాక దుకాణమైతే తెరిచాడు గానీ కథ రాలేదు. చర్చిలోనూ పెదవులు కదిలేవి కావు.

చావుకు దగ్గరైన దిక్కులేనివాళ్లను చేరదీసే సిస్టర్లలో పెద్దావిడ ఓ ఆదివారం అతన్ని చర్చి మెట్ల మీదే పట్టుకుంది.

"మా వాళ్ల గడ్డాలు మాసిపోయాయి. వచ్చి గీస్తావా?"

"నాకు ప్రార్థన కూడా రావడం లేదు సిస్టర్."

"నేనడిగింది కత్తిని. ప్రార్థనకు మేమున్నాంగా!"

కాదనలేక సిస్టర్ల ఇంటికి వెళ్లాడు. కిటికీ పక్క మంచంలో ఒకప్పటి బస్సు డ్రైవరు. ఎముకల గూడులా ఉన్నాడు, నోరు మాత్రం చల్లబడలేదు.

"నున్నగా గీయవయ్యా. పైన మా ఆవిడ ఎదురుచూస్తోంది. ఇలా వెళితే గుమ్మంలోనే దులిపేస్తుంది." కాసేపాగి, "ఏంటయ్యా, చేతిలో కత్తి, నోట్లో మాట లేదు! గడ్డం గీస్తున్నావా, గొంతు కోస్తున్నావా?" అన్నాడు.

మంగలికి నవ్వాగలేదు. ఎలా వచ్చిందో, కథ వచ్చేసింది. "ఒకసారి సర్కసు సింహానికి గీశాను బావగారూ! సబ్బు రాస్తుంటే పిల్లిలా కళ్లు మూసుకుంది."

"తర్వాత?"

మంగలి చెయ్యి గాలిలోనే ఆగింది. తేరుకుని చెప్పాడు. "సగం గడ్డం అయ్యిందో లేదో, కళ్లు తెరిచి నోరు ఇంత చేసింది..."

అక్కడ ఆపాడు. పాడు అలవాటు! "మిగతాది వచ్చే ఆదివారం" అని కత్తి మడిచాడు. డ్రైవరు తిట్టిన తిట్లు తలుచుకుని దారంతా నవ్వుకున్నాడు.

ఆ ఆదివారం వెళ్లేసరికి కిటికీ పక్క మంచం మీద ముఖం దాకా దుప్పటి కప్పి ఉంది.

"తెల్లారకముందే పోయాడు" అంది పెద్ద సిస్టర్. "వారమంతా ఒకటే గొడవ. సింహం ఏం చేసిందో మీకైనా చెప్పాడా అని నర్సులను కూడా అడిగాడు."

'వచ్చే ఆదివారం' అని ఎవరితో అన్నాడు తను? ఈ ఇంట్లో!

దుప్పటి తీసి, నీళ్లు వేడి చేయించి, సబ్బు నురగ పట్టించాడు. చల్లబడిన చెంప మీద మెల్లగా కత్తి ఆనించాడు.

"సింహం నన్ను తినలేదు బావగారూ. నోరు తెరిచి ఏమందో తెలుసా? 'ఆ సగం కూడా కానివ్వు. మా ఆవిడ ఎదురుచూస్తోంది' అంది."

గడ్డం నున్నగా అయ్యింది, కథ మాత్రం అక్కడే ఆగింది.

గోడ వారగా, కళ్లు కూడా తెరవలేని మరో ముసలాయన గొంతు సన్నగా వినిపించింది.

"తర్వాత?"

మంగలి కళ్లు తుడుచుకున్నాడు. నీళ్లు మార్చుకుని, స్టూలు ఆ మంచం పక్కకు లాక్కున్నాడు.

"చెప్తాను బావగారూ. మొత్తం ఇవాళే చెప్పేస్తాను."